రొయ్యల గుంట పోతే గుణం లేనట్టా?

ఏందబ్బా ఇది! సంక్రాంతి నుంచి ఇదే మెసేజీ. కావలి స్నేహితుల గ్రూపులో ఒకరు పెట్టారు, ఒంగోలు బంధువుల గ్రూపులో ఇంకొకరు పెట్టారు, నెల్లూరులో పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే పెద్దాయన నాకు విడిగా పంపి "చదివావా అబ్బాయ్?" అని ఫోన్ కూడా చేశాడు. "ప్రపంచ మేధావులందరూ ఒప్పుకున్న ఆరు జీవిత సత్యాలు" అని పేరు. పైన సూర్యోదయం, కింద తెల్ల గడ్డం గ్రీకు విగ్రహం. చూడనివాళ్ళ కోసం సారాంశం: మనం పదే పదే చేసేదే మనం అన్నాడు గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్. తిని తాగి తిరగడమే సుఖమని చెప్పి ఎపిక్యురస్ అనే ఇంకో గ్రీకు తత్వవేత్త లోకాన్ని చెడగొట్టాడు. దేంట్లో అయినా సగం దగ్గర ఆగడమే ధర్మం. భావోద్వేగం బుద్ధికి శత్రువు, దాన్ని చంపుకున్నవాడే జ్ఞాని. సద్గుణం ఉన్నవాడికి దుఃఖం రాదు, నువ్వు బాధపడుతున్నావంటే లోపం నీలోనే ఉంది. ఇవన్నీ గ్రీకులు మన దగ్గర ఎత్తుకుపోయినవే.

నేను ఇది రాయడానికి కూర్చుంది ఐదోదాని కోసం, అదే సద్గుణం ఉన్నవాడికి దుఃఖం రాదన్నదాని కోసం. మిగతావి దారిలో తేలిపోతాయి.

మొదటిది అరిస్టాటిల్ వాక్యం కాదు. ఆయన తత్వాన్ని పరిచయం చేస్తూ విల్ డ్యురాంట్ అనే అమెరికన్ రచయిత 1926లో తన మాటల్లో రాసుకున్నది. అలవాటు వల్లే గుణం స్థిరపడుతుందని అరిస్టాటిల్ చెప్పిన మాట నిజమే కాబట్టి దీని మీద పోట్లాట అనవసరం.

ఎపిక్యురస్ ఏథెన్స్‌లో ఓ తోటలో స్నేహితులతో కలిసి రొట్టె, నీళ్ళతో బతికిన మనిషి. ఎప్పుడైనా విందు చేసుకోవాలనిపిస్తే పనికొస్తుంది, ఒక చిన్న కుండలో చీజ్ పంపు అని స్నేహితుడికి రాశాడట. ఆయన దృష్టిలో సుఖమంటే ఒంట్లో నొప్పి, మనసులో టెన్షన్ లేకపోవడం. చేపల పులుసు లేని ఆదివారాన్ని ఆదివారంగా లెక్కపెట్టని మనం ఆయన్ను భోగి అంటే నవ్విపోతారు.

సగం దగ్గర ఆగడమా? మల్లయోధుడు మైలోకి చాలని తిండి, కొత్తగా కుస్తీ నేర్చుకునేవాడికి ఎక్కువవుతుంది, కాబట్టి ధర్మం అతికీ కొరతకీ నడుమ ఉండే మధ్యమంలో ఉందంటే అది లెక్కల్లో వచ్చే సగం కాదని అరిస్టాటిలే ఉదాహరణ ఇచ్చి మరీ చెప్పాడు. దొంగతనం, హత్య లాంటివాటికి అసలు మధ్యమమే లేదనీ అన్నాడు. ఈ మెసేజీ ప్రకారమైతే సగం దొంగతనం చేసి ఆగినవాడికి శాలువా కప్పాలి.

నాలుగోది కొంచెం ఓపిగ్గా చూడాలి. భావోద్వేగాన్ని చంపమని "మేధావులందరూ" ఒప్పుకున్నారట. ఎవరా అందరూ? బుద్ధి ఉద్వేగాలకు బానిస, బానిసగానే ఉండాలి అని స్కాట్లండ్ తత్వవేత్త హ్యూమ్ 1739లో అచ్చు వేయించాడు. ఆవేశపడమని కాదు ఆయన ఉద్దేశం. బుద్ధి దారి చూపిస్తుంది గానీ యాడికి పోవాలో చెప్పలేదు, ఏదో ఒకటి కావాలనిపిస్తే తప్ప మనిషి అడుగు వెయ్యడు అని. ఆయన స్నేహితుడు ఆడమ్ స్మిత్, ఇప్పుడు అందరూ ఆర్థికశాస్త్రం పేరుతో తలుచుకునే మనిషి, 1759లో నీతి మొత్తాన్నీ ఎదుటివాడి బాధ మనకూ తగలడం అన్నదాని మీద నిలబెట్టాడు.

అరిస్టాటిల్ అయితే ఇంకా తిన్నగా చెప్పాడు. కోపం రావాల్సిన చోట రానివాడు జ్ఞాని కాదు, మూర్ఖుడు. ఎవరి మీద, ఎంత, ఎప్పుడు, ఎందుకు అనేవి తెలియడమే కష్టం. భయం సంగతీ అంతే. అలలకూ భూకంపాలకూ కూడా భయపడనివాణ్ణి ఆయన ధీరుడు అనలేదు, పిచ్చివాడో మొద్దుబారినవాడో అన్నాడు. కృష్ణపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే పడవ ఒడ్డుకు లాగి కట్టేసే మన గంగపుత్రులకు ఈ ముక్క ఎవరూ నేర్పక్కర్లేదు. మెసేజీ ప్రకారం వాళ్ళు అజ్ఞానులు.

నెల్లూరోళ్ళం, తిక్కన మనవాడని చెప్పుకుంటాం కదా. విరాటపర్వంలో కీచకుడు సభలో తన్నినప్పుడు ద్రౌపదిని లోపలికి పొమ్మన్నది కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు. ఆమె కోపాన్ని చంపుకోలేదు. అలాగని అక్కడే అరిచి అజ్ఞాతవాసం బయటపెట్టనూ లేదు. రాత్రి వంటశాలలో ఉన్న భీముడి దగ్గరికి వెళ్ళింది. ఎవరి దగ్గరికి వెళ్ళాలో, ఏ వేళకు వెళ్ళాలో, ఎంత చెప్పాలో ఆ కోపానికి తెలుసు. ఇందులో బుద్ధి ఎక్కడ ఆగింది, ఉద్వేగం ఎక్కడ మొదలైంది, గీత గీసి చూపించండి చూద్దాం.

ఆరోది కూడా ఇక్కడే ముగిద్దాం. కఠోపనిషత్తులో రథం ఉంది, గ్రీకు తత్వవేత్త ప్లేటోలోనూ రథం ఉంది, అందుకని గ్రీకులు ఎత్తుకుపోయారట. రథాలు తోలిన జనం ఎక్కడున్నా రథంతో పోలిక చెబుతారు సామీ. దొంగతనం కేసు పెట్టే ముందు ఆ రెండూ చదివి ఉంటే నాలుగో పాయింటు రాసేవారే కాదు. రెండింట్లోనూ మనిషిని లాక్కెళ్ళే ఇంద్రియాలూ ఉద్వేగాలూ అనే గుర్రాలకు కళ్ళెం పట్టమనే ఉంది, చంపమని లేదు. ప్లేటో రథానికున్న రెండు గుర్రాల్లో ఒకటి మంచిది కూడా.

ఇక ఐదోది. సద్గుణం ఉంటే దుఃఖం రాదు, బాధపడుతున్నావంటే లోపం నీలోనే.

మా గ్రూపులో ఒక స్నేహితుడున్నాడు, గుంటలో వనామీ రకం రొయ్యలు వేస్తాడు. పీతలు రాకుండా గట్టు చుట్టూ కంచె కట్టాడు, కొంగలు వాలకుండా పైన దారాలు లాగాడు, నీళ్ళు శుద్ధి చేసి గానీ గుంటలోకి పెట్టడు. అయినా తెల్లమచ్చ వైరస్ వచ్చింది. అది వచ్చాక మందు లేదు, దొరికిన కౌంటుకి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) దొరికిన రేటుకి పట్టేయడమే. ఎగువన ఎవరో చచ్చిన గుంట నీళ్ళు కాలవలోకి వదిలేస్తే దిగువవాడి సద్గుణం ఏం చేస్తుంది? "గుంట పోయిందిరా" అని రాత్రి గ్రూపులో పెట్టాడు. తెల్లారేసరికి దాని కింద ఈ మెసేజీ. పెట్టినవాడు ఓదార్పు అనుకునే పెట్టాడు, నాకు తెలుసు. కింద చేతులు జోడించిన బొమ్మలు కూడా వరసగా వచ్చాయి.

చక్రానికి కట్టి హింసిస్తున్న మనిషి కూడా మంచివాడైతే చాలు, సుఖంగా ఉన్నట్టే అనేవాళ్ళు, తెలిసో తెలియకో, అర్థం లేని మాట మాట్లాడుతున్నారు. ఇది నా తిట్టు కాదు. మీ విగ్రహంలో ఉన్న అరిస్టాటిల్ అభిప్రాయమే. సుఖం అంటే ఆయనకు ఒక పూట మూడ్ కాదు, జీవితం మొత్తం బాగా సాగడం. దానికి గుణం ముఖ్యం, కానీ ఆరోగ్యం, స్నేహితులు, మంచి పిల్లలు, కాస్త అదృష్టం కూడా కావాలి. ముసలితనంలో కొడుకుల్నీ ట్రాయ్ నగరాన్నీ పోగొట్టుకున్న ప్రియామ్ రాజును ఎవరూ సుఖపడ్డాడని అనరని రాశాడు. మంచివాడు ఎంత కష్టంలోనూ నీచానికి దిగడు, అందుకని పూర్తి దౌర్భాగ్యుడు కాడు అని మాత్రం అన్నాడు. అంతవరకే. జర్మన్ తత్వవేత్త కాంట్ 1788లో ఇంకో అడుగు వేశాడు: సద్గుణం మనల్ని సుఖానికి అర్హుల్ని చేస్తుంది గానీ ఆ సుఖం చేతికి వస్తుందని ఈ లోకంలో గ్యారంటీ లేదు. ఆ రెండూ ఎక్కడో ఒకచోట కలవాలనే దేవుణ్ణి నమ్మాల్సి వస్తోందన్నాడు. గ్యారంటీ ఉంటే ఆయనకంత అవస్థ దేనికి?

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఈ ఐదోది గాలిలోంచి పుట్టింది కాదు. గ్రీసులో పుట్టిన ఒక తత్వశాఖవాళ్ళు, స్టోయిక్కులు, దాదాపు ఇదే అన్నారు: సుఖానికి సద్గుణం ఒక్కటే చాలు, బయట జరిగేది ఏదీ నిన్ను నిజంగా చెరపలేదు. వాళ్ళలో బానిసగా బతికిన ఎపిక్టెటస్ ఆ మాట అన్నాడంటే నేను తలవంచుతాను. కోపానికి పెద్ద మందు ఆలస్యమే అని ఇంకో స్టోయిక్కు సెనెకా చెప్పింది కూడా నా ఇంట్లో చాలా గొడవలు ఆపింది. కానీ ఆ ఎపిక్టెటస్ శిష్యులకు ఏం చెప్పాడో చూడండి. తన కష్టాలకు ఇతరుల్ని నిందించేవాడు చదువు లేనివాడు, తనను తాను నిందించుకునేవాడు చదువు మొదలుపెట్టినవాడు, చదువు పూర్తయినవాడు ఇద్దర్నీ నిందించడు. "లోపం నీలోనే" అన్నవాళ్ళు ఏ క్లాసులో ఉన్నట్టు? ఇంకో చోట, ఏడుస్తున్న మనిషి కనిపిస్తే మాటతో ఓదార్చడానికి వెనకాడవద్దు, అవసరమైతే అతనితో కలిసి మూలుగు, లోపల మాత్రం కుంగిపోకు అన్నాడు. రాయిలా బతకమన్నారని మీరు చెప్పుకునే స్టోయిక్కు చెప్పిన మాట అది. లోపల కుంగకుండా పైపైన మూలిగే విద్య నాకు నచ్చదు. అయినా ఈ ఫార్వర్డు కన్నా వెయ్యి రెట్లు నయం.

మా వాడు ఆ రాత్రి ఎందుకు ఏడ్చాడో కూడా చెప్పాలి. డబ్బు పోయినందుకే కాదు. మేత షాపువాడికి బాకీ ఉంది, కాపలా ఉన్న కుర్రాడికి జీతం ఇవ్వాలి, ఇద్దరికీ మాట ఇచ్చాడు. ఆ గుణమే లేకపోతే ఫోన్ స్విచాఫ్ చేసి చెన్నైలో బంధువుల ఇంట్లో హాయిగా నిద్రపోయేవాడు. యుద్ధం గెలిచాక కర్ణుడు తన అన్న అని తెలిసి, రాజ్యం వద్దు అడవికి పోతానని కుమిలిపోయింది ధర్మరాజే. ఆయనలో ధర్మం తక్కువైందా? మనిషి ఎంత మంచివాడైతే బాధ తగిలే చోట్లు అన్ని ఎక్కువ.

అన్నట్టు, మెసేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో లైనుంది. దీన్ని పదకొండు మందికి పంపితే సాయంత్రంలోగా శుభవార్త వింటారట. ఐదో పాయింటులో సుఖం రావాలంటే సద్గుణం కావాలన్నారు, ఇక్కడికొచ్చేసరికి డేటా ప్యాక్ చాలంటున్నారు. రెండింట్లో ఏదో ఒకటి తీసేసి పంపండి.