వెయ్యి పౌండ్ల బాకీ, పది లక్షల దావా

స్కాట్లాండ్‌లో ఎన్నడూ కాలు పెట్టని విదేశీ వ్యాపారి మీద ఎడిన్‌బరోలో దావా వేయాలంటే, అతనికి రావాల్సిన బాకీ ఒకటి అక్కడ ఎవరి దగ్గరైనా ఉంటే చాలు. గ్లాస్గోలో సరుకు కొన్నవాడు అతనికి వెయ్యి పౌండ్లు ఇవ్వాలనుకుందాం. మన కోర్టు అమీనా లాంటి అధికారి వెళ్లి ఆ కొన్నవాడి చేతిలో జప్తు కాగితం పెడతాడు. దాంతో ఆ విదేశీయుడి మీద విచారణ జరిపే అధికారం కోర్టుకు వచ్చేస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఈ జప్తుతో ఆ వెయ్యి పౌండ్లు ఆగిపోవు. డబ్బు కదలకుండా ఆపాలంటే వేరే జప్తు చేయించాలి. ఇది కోర్టు గడప ఎక్కడానికి మాత్రమే.

డచ్ వాళ్ల పద్ధతి చూసి 17వ శతాబ్దంలో తెచ్చుకున్న ఏర్పాటిది. సముద్రం అవతల ఉన్న బాకీదారుడిని పట్టుకునే దారి లేని రోజుల్లో అది సబబే.

నా అభ్యంతరం లెక్క దగ్గర. దొరికింది వెయ్యి పౌండ్లే అయినా, డిక్రీ పది లక్షలకు ఇవ్వొచ్చు. ఇదే కోవకు చెందిన అమెరికా కేసు హారిస్ వర్సెస్ బాక్ చూడండి. నార్త్ కరోలినాకు చెందిన హారిస్, బాక్‌కు 180 డాలర్లు బాకీ. బాక్ తనకు 344 డాలర్లు ఇవ్వాలంటూ బాల్టిమోర్ వ్యాపారి ఎప్‌స్టీన్, 1896లో హారిస్ ఆ ఊరు వచ్చినప్పుడు ఆ 180ని జప్తు చేయించాడు. 1905లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది. అన్యాయమని అందరూ తిట్టిపోసిన ఆ తీర్పులో కూడా ఎప్‌స్టీన్‌కు దక్కింది ఆ 180 డాలర్లే! స్కాట్లాండ్‌లో ఆ హద్దు కూడా లేదు. అమెరికా 1977లో ఆ దారి దాదాపు మూసేసింది. ఆస్తి ఉంటే చాలనే జర్మనీ కూడా, వివాదానికి దేశంతో తగిన సంబంధం ఉండాలని 1991లో తేల్చింది.

స్కాట్లాండ్ మాత్రం, బ్రిటన్‌లో నివాసం లేనివారి విషయంలో దీన్ని కోర్టుల విచారణ పరిధిని తేల్చే 1982 చట్టంలోనూ ఉంచుకుంది. ఏ దేశపు కోర్టు ఎవరిని విచారించొచ్చో యూరప్ దేశాలు రాసుకున్న 1968 బ్రస్సెల్స్ ఒప్పందం ఇలాంటి పరిధిని మితిమీరినదిగా పరిగణించి, సభ్యదేశాల వారి మీద వాడకూడదంది. బ్రెగ్జిట్‌తో 2020 చివర ఆ రక్షణా పోయింది.

‘వేరే దేశంలో విచారణే సబబు’ అని ప్రతివాది వాదించుకోవచ్చు కదా అంటారు. నిజమే, ఆ సిద్ధాంతాన్ని పెంచి పోషించింది స్కాట్లాండ్ కోర్టులే. 1926లో ఒక ఫ్రెంచ్ కంపెనీ మరో ఫ్రెంచ్ కంపెనీ మీద అక్కడ వేసిన దావాను ఆ కారణంతోనే అప్పట్లో చివరి అప్పీళ్లు వినే హౌస్ ఆఫ్ లార్డ్స్ సాగనివ్వలేదు. కానీ ఆ మాట చెప్పుకోవడానికీ అక్కడ లాయరును పెట్టుకోవాలి. వైజాగ్ నుంచి రొయ్యలు పంపే ఎగుమతిదారుకు ఇలాంటి నోటీసు వస్తే, ఆ ఫీజే జప్తయిన బాకీని మించిపోవచ్చు. డిక్రీని జప్తయిన సొమ్ముకే పరిమితం చేయాలి, లేదా జర్మనీలా సంబంధం చూపించమని వాదిని అడగాలి. ఆ భారం మోయాల్సింది దావా వేసినవాడే.