కొండెక్కిన ట్రెక్

కొండ ఎక్కడికీ పోదు కదా, వెళ్ళి ఎక్కేస్తే పోలేదా అనే తొందరపాటు మనుషులు మన విజయనగరంలో ఇంకా కొందరు మిగిలున్నారు. వాళ్ళ కోసమే ఈ నాలుగు ముక్కలూ రాయాల్సి వస్తోంది. 1713లో మన కోటకి పునాది వేసినప్పుడు విజయరామరాజు గారు గునపం పట్టుకుని దిగిపోలేదు. విజయ నామ సంవత్సరం చూసుకున్నారు, విజయదశమి చూసుకున్నారు, అది జయవారమైన మంగళవారం అయ్యేట్టు కూడా చూసుకున్నారు. అలాంటి ఊళ్ళో పుట్టి, ఆదివారం పొద్దున్నే షూ తగిలించుకుని ఎవరికి తోచిన కొండ వాళ్ళు ఎక్కేస్తామంటే చూస్తూ ఊరుకోవడానికి మేం సిద్ధంగా లేము.

అందుకే మా కాలనీలో ‘బిగినర్స్ ఈజీ ట్రెక్’ అని వాట్సాప్ గ్రూపు పెట్టాం. ఆశయం చిన్నది. జన్మలో కొండెక్కని వాళ్ళం ఓ మూడు కిలోమీటర్లు మెత్తటి దారిలో నడిచి, టిఫిను వేళకి ఇల్లు చేరాలి. గ్రూపులో ఉన్నవాళ్ళందరూ అడ్మిన్లే, కాబట్టి క్రమశిక్షణకి లోటు లేదు.

ముందు స్థలం. రామతీర్థం పేరు మొదటి రోజే వచ్చింది. ఊరికి 12 కిలోమీటర్లు. గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి, పక్క కొండ మీద జైన విగ్రహాలున్నాయి. ఆ భిక్షువులు ఏ బ్రాండు షూ వేసుకుని ఎక్కారో చరిత్రకారులు పట్టించుకోకపోవడం విచారకరం. కానీ బ్యాంకులో పనిచేసే బావగారు ఒక్క మాటతో తేల్చేశారు: “రామతీర్థం వెళ్ళి ట్రెక్ అని స్టేటస్ పెడితే ఎవడు లైక్ కొడతాడండీ? మా అమ్మమ్మ కూడా ఎక్కింది.” నిజమే. అమ్మమ్మలు ఎక్కిన కొండని లెక్కలోకి తీసుకోకూడదని తీర్మానం చేశాం.

పెద్ద సిటీలో పార్కు అయితే మర్యాదగా ఉంటుందని విశాఖ కంబాలకొండ ఖాయం చేశాం. పేరుకి ఎకో పార్కు, వెనకాల సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. ఒకప్పుడు మన మహారాజుల ఆధీనంలో ఉండేది కాబట్టి పరాయి చోటుకి వెళ్తున్నామన్న బాధ కూడా లేదు. మూడు కిలోమీటర్లు నడవడానికి రానూపోనూ సుమారు వంద కిలోమీటర్లు కార్లో వెళ్ళాలి. ఆరోగ్యం ఊరికే రాదు.

అంతా కుదిరిందనుకుంటే అక్కడ చిరుతలున్నాయని ఎవరో ఫార్వార్డ్ పెట్టారు. ఉన్న మాట నిజమే. గుంపుగా, పగటిపూట, జనం నడిచే దారి వదలకుండా వెళ్తే చాలని అటవీశాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన చెప్పారు గానీ, ఆయన మాటల్లో మాకు టెన్షన్ కనిపించలేదు. టెన్షన్ లేని మనిషిని నిపుణుడని ఎలా నమ్ముతాం? ఆయన్ని సలహాదారు పదవి నుంచి తప్పించాం.

తర్వాత కాలనిర్ణయం. 1892లో నేస్మిత్ అనే స్కాట్లండ్ కొండల మనిషి ఒక సూత్రం చెప్పాడు. 5 కిలోమీటర్ల దారికి గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకి మరో గంట. ఆ లెక్కన 3 కిలోమీటర్లూ, 100 మీటర్ల ఎత్తూ కలిపి 46 నిమిషాలు. పాపం ఆయన విజయనగరం వాళ్ళతో నడవలేదు. దారిలో తెలిసినవాళ్ళు కలిస్తే పావుగంట, వాళ్ళ అమ్మాయి సంబంధం సంగతి వస్తే అరగంట, ఫోటోలో ఒకరి కళ్ళు మూసుకుపోతే అందరూ మళ్ళీ నిలబడడానికి పది నిమిషాలు కలిపాం. నాలుగున్నర గంటలు తేలింది. టీ ఇంకా కలపలేదు.

షూ విషయంలో శాస్త్రం ప్రకారమే వెళ్తున్నాం. కొత్త షూతో ఒకేసారి కొండెక్కితే మడమలు బొబ్బలెక్కుతాయి, ముందు కొన్నాళ్ళు వేసుకుని అలవాటు చేసుకోవాలన్నారు. బావగారు రోజూ రాత్రి తొమ్మిది నుంచి పది దాకా సోఫాలో కూర్చుని, కాళ్ళు టీపాయ్ మీద పెట్టుకుని, సీరియల్ చూస్తూ అలవాటు చేస్తున్నారు. లేసులు అక్కయ్యగారే కడుతున్నారు, ఆయన వంగలేరు గనక.

ఈ బావగారే ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేశారు. 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా, వానలో, రాత్రంతా నడిచారు. పొద్దున్నే వచ్చి బ్యాంకుకి కూడా వెళ్ళారు. ఆ సంగతి గుర్తుచేసి, “ఏటి బావా, మూడు కిలోమీటర్లకి ఇంత మీటింగేటి?” అని మా పెదనాన్న కొడుకు అడిగాడు. కుర్రాడు, తెలియదు. ప్రదక్షిణలో ఏమైనా అప్పన్న చూసుకుంటాడు. ట్రెక్‌లో చూసుకోవాల్సింది కమిటీయే.

ఇక అసలు విషయం, తిండి. అరటిపండు, గుప్పెడు వేరుశనగలు, గంటకి అర లీటరు నీళ్ళు చాలని ఎక్కడో రాసున్నది నేనే గ్రూపులో పెట్టాను. పెట్టిన మరుక్షణం ఆడవాళ్ళంతా నా ఇంటి పరిస్థితి మీద జాలిపడ్డారు. పులిహోర తప్పదన్నారు. పులిహోర ఉంటే పెరుగన్నం ఉండాలి, పెరుగన్నం ఉంటే ఆవకాయ ఉండాలి, ఇన్ని మోయడానికి వంటాయన ఉండాలి. ఈలోగా కార్తీకం వచ్చింది. ఎలాగూ వంటాయన వస్తున్నప్పుడు ఉసిరిచెట్టు కింద భోజనాలు పెట్టేస్తే పుణ్యం కూడా కలిసొస్తుందని ఏకగ్రీవంగా అనుకున్నాం. అభయారణ్యంలో పొయ్యి వెలిగించనివ్వరు, మైకు పెట్టనివ్వరు. మైకు లేకుండా తంబోలా నంబర్లు ఎవరికి వినిపిస్తాయి? కనక కంబాలకొండ రద్దు చేసి, ఊరి చివర మామిడితోట మాట్లాడాం. అందులో ఒక మూల ఉసిరిచెట్టుంది. టెంటు హౌసు కుర్చీలు తూర్పుముఖంగా వేస్తే దూరంగా కొండ కనిపిస్తుంది. నడక భాగం కూడా తీసెయ్యలేదు. కార్ల దగ్గర్నుంచి బంతి దాకా అందరూ నడిచే రావాలి.

ఇంత పద్ధతిగా జరుగుతుండగా రిటైరైన టీచరమ్మగారు ఒక్కరూ ఆర్టీసీ బస్సెక్కి రామతీర్థం వెళ్ళి, కొండెక్కి, దిగి, ఇంటికొచ్చి గ్రూపులో ఇలా రాశారు: “ఎండ ముదరకముందే అయిపోయింది. పాత చెప్పులే. పైన గాలి బాగుంది. అర లీటరు నీళ్ళు చాలవు, లీటరు పట్టుకెళ్ళండి.”

కమిటీ అనుమతి లేని కొండని గుర్తించేది లేదని ఆవిడకి మర్యాదగానే తెలియజేశాం. నీళ్ళ గురించి చెప్పిన ముక్క మాత్రం పనికొస్తుందని ఫలహార ఉపసంఘానికి పంపాం. వాళ్ళు 20 లీటర్ల టిన్నులకి రేటు కనుక్కుంటున్నారు.