నంబరు గోడమీద, ఫోను వార్డెన్ గదిలో

హాస్టల్ పిల్లల చేతిలో ఫోను ఉండదు. చాలా రెసిడెన్షియల్ కాలేజీల్లో అది నిబంధన. అదే హాస్టల్ గోడమీద మాత్రం, కష్టం వస్తే 14416కి ఫోన్ చేయమని పోస్టరు అంటిస్తారు. ఆ నంబరు కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌ది. 2022 అక్టోబరు 10న మొదలైన అది మంచి సేవే. రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడతారు. కానీ ఆ నంబరు కలపాలంటే పదహారేళ్ల పిల్ల ముందు వార్డెన్ దగ్గరికెళ్లి, ఎవరికి, ఎందుకు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి.

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న 15 మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలంది. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దంది. చట్టం వచ్చేదాకా వీటిని పాటించి తీరాల్సిందే.

మరి ఆ కౌన్సెలర్‌కు జీతం ఎవరిస్తారు? మా ఆందోళనంతా ఇక్కడే. పోస్టు మంజూరు చేయకుండా, ఉన్న టీచర్‌కే రెండు రోజుల శిక్షణ ఇచ్చి అదనపు బాధ్యత అప్పజెప్పడం ప్రభుత్వాలకు సులువైన దారి. మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో హాజరు ఇప్పటికే ఆ టీచర్ నెత్తినే ఉన్నాయి. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. మార్కులు వేసే మనిషి దగ్గర ఏ పిల్లవాడూ మనసు విప్పడు. చెప్పిన మాట స్టాఫ్ రూమ్‌కీ, అక్కడి నుంచి ఇంటికీ చేరుతుందని వాడికి తెలుసు. అందుకే టెన్షన్ అని చెప్పడు, కడుపునొప్పి అంటాడు. మాత్ర ఇచ్చి పంపేస్తారు.

ఇవి కొత్తగా తెలిసిన సంగతులు కావు. కాలేజీల్లో ఆత్మహత్యలపై 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు, 2017లో చక్రపాణి కమిటీ వేశారు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అయినా టెలీ మానస్ నడిచే జాతీయ కార్యక్రమానికి 2023-24 బడ్జెట్‌లో సుమారు 134 కోట్లు చూపిన కేంద్రం, మరుసటి ఏడాది 90 కోట్లకు తగ్గించింది.

రెండు తెలుగు రాష్ట్రాలూ విద్యాశాఖ బడ్జెట్‌లోనే కౌన్సెలర్ల జీతాలకు ప్రత్యేక పద్దు తెరవాలి. ముందు గురుకులాలు, ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో పోస్టులు మంజూరు చేయాలి. ఇంటికి దూరంగా ఉన్న పిల్లలకు చెప్పుకునే దిక్కు తక్కువ. నలభై మంది ఉన్న పల్లెబడికి ఒక కౌన్సెలర్‌ను పెట్టలేం, నిజమే. మండలానికి ఒకరిని వేసి, ఏ బడికి ఏ రోజు వస్తారో ముందే చెప్పొచ్చు. ఏటా మనిషిని మార్చే ఔట్‌సోర్సింగ్ మాత్రం వద్దు. పిల్లకు నమ్మకం కుదిరేలోపే ఆ మనిషి వెళ్లిపోతే చేసిందంతా వృథా.

ఫీజులు వసూలు చేసుకునే ప్రైవేటు కాలేజీలు తమ కౌన్సెలర్ జీతం తామే భరించాలి. నియామక పత్రం చూశాకే ఇంటర్ బోర్డు గుర్తింపు పొడిగించాలి. ఇక ప్రతి హాస్టల్‌లో, వార్డెన్‌కు వినపడని చోట, పిల్లలు అడక్కుండా వాడుకునే ఫోను ఒకటి ఈ నెలలోనే పెట్టించొచ్చు. దానికి ఏ కమిటీ నివేదికా అక్కర్లేదు.