సముద్రం లోతుల్లో అణుబాంబు పేలితే ఒడ్డుకు ఏం చేరుతుంది?

విశాఖలో ఉండే మా చిన్నాన్న మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "ఒరేయ్, సముద్రంలో బాంబు పేలిస్తే సునామీ వస్తాదంట, నిజమేనేట్రా? సునామీ ఆఫీసు మీ హైదరాబాద్‌లోనే ఉంది కదా, కనుక్కో" అన్నాడు. ఫ్యామిలీ గ్రూపులో ఎవరో పెట్టిన వీడియో చూసి టెన్షన్ పడ్డాడు. రష్యా టార్పెడో, ఆకాశమంత అల, మునిగిపోతున్న నగరం, అన్నీ ఉన్నాయి అందులో.

ఆ వీడియో ఊరికే పుట్టలేదు. అణుశక్తితో నీటి అడుగున దూసుకెళ్లే పొసైడాన్ అనే టార్పెడో గురించి 2018 మార్చి 1న పుతిన్ స్వయంగా ప్రకటించారు. దాంతో 500 మీటర్ల అల లేపి బ్రిటన్‌ను ముంచేయొచ్చని 2022 మేలో రష్యా ప్రభుత్వ టీవీలో ఒక యాంకర్ చెప్పాడు. మరుసటి ఏడాది ఉత్తర కొరియా కూడా 'రేడియోధార్మిక సునామీ' తెప్పించే డ్రోన్‌ను పరీక్షించామంది.

చిన్నాన్న చెప్పిన ఆఫీసు ప్రగతి నగర్‌లోని ఇన్‌కాయిస్. సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నా, 2007 నుంచి దేశానికి సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వెళ్తున్నాయి. ఆయన ప్రశ్నకు జవాబు మాత్రం 1946లోనే దొరికింది.

ఆ ఏడాది జులై 25న అమెరికా పసిఫిక్‌లోని బికినీ దీవుల దగ్గర 'బేకర్' పరీక్ష చేసింది. నీటి ఉపరితలానికి 27 మీటర్ల కింద 23 కిలోటన్నుల (అంటే 23 వేల టన్నుల టీఎన్‌టీ పేలుడు పదార్థంతో సమానమైన) బాంబు పేల్చారు. 300 మీటర్ల దూరంలో అల 29 మీటర్ల ఎత్తు లేచింది. ఐదారు కిలోమీటర్ల దూరంలోని ఒడ్డుకు చేరేసరికి అది నాలుగైదు మీటర్లకు పడిపోయింది. అంత కొద్ది దూరంలోనే అంత తగ్గిన అల మహాసముద్రం దాటి ఏ నగరాన్ని ముంచుతుంది?

పెద్ద పళ్లెంలో నీళ్లు పోసి ఒక అంచు పైకెత్తి చూడండి. నీళ్లన్నీ కదిలి అవతలి అంచు మీంచి పొర్లిపోతాయి. అదే పళ్లెంలో గులకరాయి వేస్తే చుట్టూ వలయాలు లేచి అంతలోనే సర్దుకుంటాయి. 2004 డిసెంబర్ 26న జరిగింది మొదటిది. సుమత్రా దగ్గర సముద్రగర్భం సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున చీలింది, అడుగు నుంచి పైదాకా నీరంతా ఒక్కసారిగా కదిలింది. అందుకే ఆ అల వేల కిలోమీటర్లు దాటినా చావలేదు, మన మచిలీపట్నం దగ్గర మంగినపూడి బీచ్‌లోనూ ప్రాణాలు తీసింది. బాంబు ఎంత పెద్దదైనా గులకరాయి లాంటిదే. దాని అలల మధ్య దూరం తక్కువ, అవి వెళ్లేకొద్దీ చెదిరిపోతాయి, తీరానికి ముందుండే లోతు తక్కువ చోట విరిగిపోతాయి. హార్బర్‌లోనే పేలితే ఆ హార్బర్ మిగలదు, అది వేరే సంగతి.

మరి బాగా లోతులో పేలితే? అది కూడా చేసి చూశారు. 1955 మే 14న కాలిఫోర్నియా తీరానికి దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో, 610 మీటర్ల లోతున 30 కిలోటన్నుల బాంబు పేల్చారు. ఆ పరీక్ష పేరు 'విగ్‌వామ్'. ఆ లోతులో నీటి ఒత్తిడి మనం పీల్చే గాలి ఒత్తిడికి 60 రెట్లు ఉంటుంది. అంత బరువును నెట్టుకుంటూ వేడి ఆవిరి బుడగ ఉబ్బింది. దాని అడ్డుకొలత 200 మీటర్లు దాటింది, అంటే చార్మినార్లు నాలుగు ఒకదానిపై ఒకటి పెట్టినంత. ఊపు మీదున్న ఉయ్యాల మధ్యలో ఆగదు కదా, ఆ బుడగ కూడా ఆగాల్సిన చోట ఆగలేదు. మరీ ఎక్కువ ఉబ్బింది, చుట్టూ ఉన్న నీరు నొక్కేయడంతో కుంచించుకుపోయింది, మళ్లీ ఉబ్బింది. ఒక్కో విడతకు మూడు సెకన్ల లోపే. అలా ఉబ్బి తగ్గుతూ పైకి తేలి, చివరికి వందల అడుగుల ఎత్తు నీటి స్తంభాలుగా బయటికొచ్చింది.

ఆ పరీక్ష అసలు ఉద్దేశం జలాంతర్గాములను ఎంత దూరం నుంచి చంపొచ్చో తెలుసుకోవడం. నీరు గాలిలా నొక్కుకుపోదు, అందుకే పేలుడు దెబ్బ గాలిలో కంటే చాలా ఎక్కువ దూరం పోతుంది. జలాంతర్గామి ఉక్కు గోడనే చీల్చే దెబ్బకు చేప ఒళ్లు ఎంత? తూర్పు నౌకాదళం ఉన్న విశాఖ వాళ్లు అల కంటే ముందు ఆలోచించాల్సింది ఈ దెబ్బ గురించి.

నాకు ఇంతకంటే భయం వేసేది విషం గురించి. బేకర్ పేలుడుకు ఇరవై లక్షల టన్నుల నీరు పైకి లేచి, రేడియోధార్మిక పొగమంచులా, పరీక్ష కోసం అక్కడ నిలిపిన ఓడల మీద పడింది. తర్వాత నావికులు ఆ ఓడలెక్కి సబ్బులతో, బ్రష్షులతో రోజుల తరబడి రుద్దారు. మరక కనిపించదు, వాసన రాదు. నమ్మడం ఎంత కష్టమో చూడండి: రేడియేషన్ భద్రత చూసే కల్నల్ స్టాఫర్డ్ వారెన్ చివరికి ఆ నీళ్లలో పట్టిన ఒక చేపను ఫోటో ప్లేటు మీద పెట్టించారు. లైటు లేదు, కెమెరా లేదు. చేప తన ఒంట్లోని రేడియేషన్‌తోనే తన బొమ్మ తానే ముద్రించుకుంది. ఆ బొమ్మ చూశాకే, ఆగస్టు 10న ఆ పరీక్షల అధిపతి అడ్మిరల్ బ్లాండీ కడగడం ఆపమన్నారు. 1947లో లోతు నీటిలో చేయాల్సిన తర్వాతి పరీక్షను కూడా రద్దు చేసుకున్నారు.

లోతులో పేలితే విషం గాలిలోకి తక్కువ వస్తుంది, నిజమే. కానీ మాయమైపోదు. నీటి పొరల్లో పరుచుకుని ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు పోతుంది. ఉప్పులోని సోడియం రేడియోధార్మికంగా మారినా దాని తీవ్రత 15 గంటలకు సగమవుతుంది. పేలుడులో పుట్టే సీజియం, స్ట్రాన్షియం అలా కాదు, సగం తగ్గడానికే సుమారు 30 ఏళ్లు పడుతుంది.

ఆదివారం పొద్దున్నే రామ్‌నగర్ చేపల మార్కెట్‌కు వెళ్తే వంజరం ముక్కలు కొట్టించుకునేవాళ్లు "ఎక్కడి సరుకు?" అని తప్పకుండా అడుగుతారు. విశాఖలో దాన్నే కోనాం అంటారు. బంగాళాఖాతంలో ఎక్కడో ఒక పేలుడు జరిగిందన్న వార్త చాలు, ఆ ప్రశ్నకు ఎవరూ నమ్మే జవాబు ఉండదు. 2023 ఆగస్టులో జపాన్ ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం నీటిని శుద్ధి చేసి సముద్రంలోకి వదిలితేనే, చైనా ఆ దేశపు చేపలన్నిటినీ ఆపేసింది. ఇక మన రొయ్యల ఎగుమతులను ఎవరు కొంటారు? నీటిలో విషం తగ్గినా కొనేవాడి నమ్మకం వెంటనే తిరిగి రాదు. ఆ నష్టం పడేది బోటుకు అప్పు తెచ్చుకున్నవాడి మీదే.

నీటి అడుగున పరీక్షలను నిషేధించిన 1963 ఒప్పందంపై మనం అదే ఏడాది సంతకం చేశాం. చైనా, ఉత్తర కొరియా అందులో లేవు. కాబట్టి చెవి ఒగ్గి వినేవాళ్లు కావాలి. సుమారు కిలోమీటరు లోతున శబ్దం ఒక సొరంగంలో పోయినట్టు వేల కిలోమీటర్లు పోతుంది. 2017 నవంబర్ 15న అర్జెంటీనా జలాంతర్గామి సాన్ హువాన్ 44 మందితో మునిగిపోయినప్పుడు, ఆ చప్పుడును అసెన్షన్, క్రోజే దీవుల దగ్గర నీటిలో ఉన్న మైకులే పట్టాయి. ఏడాది తర్వాత శిథిలాలు దొరికాయి. ఆ మైకులు సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందం కింద పెట్టినవి. హిందూ మహాసముద్రంలోనూ క్రోజే, డియెగో గార్సియా, ఆస్ట్రేలియాలోని కేప్ లీవిన్ దగ్గర అలాంటివి ఉన్నాయి. వాటి సమాచారం హక్కుగా అందేది ఆ ఒప్పందంపై సంతకం చేసిన దేశాలకే. మనం చేయలేదు. అందుకు ఢిల్లీకి ఉన్న కారణాలు నాకు తెలుసు, వాటిని కొట్టిపారేయను. అయినా సంతకంతో ముడిపెట్టకుండా ఆ సమాచారం తెచ్చుకునే దారి వెతకాలి. ఇన్‌కాయిస్‌లో రాత్రింబవళ్లు స్క్రీన్ల ముందు కూర్చునేవాళ్లకు అల ఎత్తుతో పాటు ఆ మూడు చోట్ల వినిపించే చప్పుడు కూడా అందాలి.