'పని అనుభవం' గడికి పదకొండు నెలలవాడి విన్నపం

మహారాజశ్రీ బిజినెస్ స్కూలు దరఖాస్తులోని 'పని అనుభవం, నెలల్లో' అనే గడిగారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. నిన్న రాత్రి మీలో 11 అని టైపు చేశాను. మీరు ఎర్రబడలేదు, తప్పని అరవలేదు. చప్పుడు చెయ్యకుండా మింగేశారు. అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు.

ఇంటర్న్‌షిప్ మూడు నెలలూ కలిపి పద్నాలుగు చేద్దామనుకున్నాను. కింద సన్నటి అక్షరాల్లో 'చదువు పూర్తయ్యాక చేసిన పూర్తికాలపు ఉద్యోగం మాత్రమే' అని కాపలా పెట్టారు. ఇన్నేళ్లలో నాలాంటి వాళ్లను ఎందరిని చూశారో!

మీ పక్కింటి జీమ్యాట్ (బిజినెస్ స్కూళ్ల ప్రవేశపరీక్ష) గడితో నాకే పేచీ లేదు. రెండుంపావు గంటలు, 64 ప్రశ్నలు, 205 నుంచి 805 లోపు ఏదో ఒక అంకె మొహాన కొట్టి పంపిస్తుంది. రాత్రుళ్లు మేలుకుని చదివితే ఆ అంకె కాస్త కదులుతుంది కూడా. మీ అంకె కదలాలంటే ఏం చదవాలండీ, క్యాలెండరా? ఆ స్కోరు అయిదేళ్లు చెల్లుతుందట. పేరున్న స్కూళ్ల తరగతిలో సగటు అనుభవమూ ఇంచుమించు అయిదేళ్లే. మీరిద్దరూ గోడ మీంచి మాట్లాడుకునే ఈ లెక్క కుదుర్చుకున్నారని నా అనుమానం.

అసలు నా గోడు ఇది. మీకు సున్నా అంటే కోపమని లోకం అనుకుంటుంది గానీ, అది అబద్ధం. హార్వర్డ్ వారి '2+2' ఉంది: చివరి ఏడాది చదువుతుండగానే సీటు ఖాయం చేసుకో, కనీసం రెండేళ్లు ఉద్యోగం చేసి వచ్చి కూర్చో అంటారు. యేల్ వారి 'సిల్వర్ స్కాలర్స్' అయితే డిగ్రీ అవగానే రమ్మని, ఒక ఏడాది చదివించి, మధ్యలో ఉద్యోగానికి పంపి, మళ్లీ వెనక్కి పిలుస్తారు. అంటే సున్నా నెలలవాడికి ఒక తలుపుంది. అరవై నెలలవాడికి సింహద్వారమే ఉంది. నేను చేసిన నేరమల్లా ఉద్యోగంలో చేరడం. చేరిన రోజే మొదటి తలుపు మూసుకుంది, రెండోది తెరుచుకోవడానికి ఇంకా నలభై తొమ్మిది నెలలుంది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. ఇక స్టాన్‌ఫర్డ్ వారు కనీస అనుభవమంటూ నియమమేమీ లేదంటారు. నియమం ఉంటే దానికి భయపడి ఊరుకునేవాణ్ని. లేదన్నారు గనక ఆశపడాల్సి వస్తోంది.

ఈ పదకొండు నెలల్లో నువ్వు చేసిందేమిటని మీరడగరు, మీకు అంకెలే కావాలి. అయినా చెబుతాను. మా ఆఫీసులో ప్రతి సోమవారం నేనొక రిపోర్టు తయారుచేసి పంపేవాణ్ని. మూడో నెలలో తెలిసింది, దాన్ని అందుకోవాల్సిన పెద్దమనిషి నేను చేరకముందే ఉద్యోగం మానేశాడని. ఆపేశాను. ఎవరూ అడగలేదు. రెజ్యూమెలో దీన్నే 'వారపు నివేదికల ప్రక్రియను సమీక్షించి, శ్రమను 100 శాతం తగ్గించాను' అని రాశాను. (గోరంతను కొండంత చేశానంటారేమో, లెక్క ప్రకారం అక్షరసత్యం.) అంతమంది ఉన్న చోట ఒక రిపోర్టు చచ్చిపోతే ఎవరికీ ఎందుకు తెలియలేదన్నదే నేను మీ స్కూల్లో చదవాలనుకుంటున్న సంగతి. దానికి మాత్రం మీ దరఖాస్తులో గడి లేదు.

సిఫార్సు లేఖ సంగతి వేరే చెప్పాలి. పై అధికారే రాయాలట. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు గానీ, పదకొండు నెలలైనా మా మేనేజరుగారు నన్ను ఇంకా ముందున్న కుర్రాడి పేరుతోనే పిలుస్తారు. ఫారం తీసుకెళ్లి ఇచ్చాను. అభ్యర్థికి మీరిచ్చిన అతి ముఖ్యమైన సలహా ఏమిటి, అతను దానికెలా స్పందించాడు అని అందులో ప్రశ్న. చాలాసేపు గెడ్డం గోక్కున్నారు.

"మెయిల్‌కి ఫైలు జతచెయ్యడం మర్చిపోకు అన్నాను కదయ్యా, అది రాయనా?"

"రాయండి సార్. నేనెలా స్పందించానని రాస్తారు?"

"సరేనంటూ జవాబిచ్చావు. అందులోనూ ఫైలు లేదు."

చివరికి ఏదో రాశారు. చూపించలేదు. చూపించకూడదట, అదీ మీ నియమమే. పోతూ పోతూ, "అయితే వెళ్లిపోతున్నావన్నమాట," అన్నారు. సీటు వస్తే కదా సార్ అనేలోపే ఫోనెత్తి ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టారు.

ఈ ఉదయం మా కంపెనీ వెబ్‌సైట్లో ఒక ప్రకటన కనిపించింది. ఉద్యోగం నాదే. కుర్చీ నాదే. సోమవారం రిపోర్టు పంపాలని కూడా రాశారు. అర్హతల్లో మొదటి వరుస: కనీసం 24 నెలల పని అనుభవం.

మీ చుట్టాలెవరైనా రాశారా అండీ?

ఇట్లు,
తమ విధేయుడు,
11 (వచ్చే సోమవారానికి 12)