దగ్గు బావుకి రాయునది

బావూ,

నువ్వు క్షేమమని తలుస్తాను. నువ్వు క్షేమంగా ఉంటే మేం లేనట్టే గానీ, ఉత్తరమన్నాక ఆ మాట రాయాలి కదా.

మా విజయనగరం జిల్లాలో ఒకప్పుడు నీకెంత మర్యాద! మామగారు వీధి గుమ్మంలో రెండుసార్లు దగ్గితే చాలు, కోడళ్ళు కొంగు సర్దుకునేవారు. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చే మా అవ్వ తెల్లారగట్ట నిన్ను లేపాకే కోడి కూసేది. మా మావకైతే నువ్వు జూట్ మిల్లు నుంచి పీఎఫ్‌తో పాటు వచ్చావు. పీఎఫ్ ఏడాదిలో అయిపోయింది, నువ్వు మిగిలావు.

2020 మార్చిలో కరోనాతో నీ దశ తిరిగింది. ఎవరికి ఫోన్ చేసినా ముందు నువ్వే ఖళ్ళుమని పలికేవాడివి, తర్వాతే అవతలివాళ్ళు. ఆ ప్రచారం ఏ హీరోకి దక్కింది చెప్పు? కిరాణా కొట్టు ముందు సున్నంతో గీసిన వలయాల్లో మావ ఒక్కసారి దగ్గాడు. ముందున్న నలుగురూ మాయం. ఆవేళ మాకు కందిపప్పు తొందరగానే దొరికింది. అందుకు థాంక్స్.

కానీ ఒక్కటి అడుగుతాను. అంతకుముందు నువ్వు రెండు వారాలు దాటి ఉంటే మా ఊరి ఆశా కార్యకర్త కళ్ళె డబ్బీ ఇచ్చేది. పొద్దున్నే పళ్ళు తోముకోకముందే అందులో ఉమ్మి, మూత బిగించి ఇస్తే, క్షయ పురుగు ఉందో లేదో చూసి చెప్పేవారు. ఆ ఏడు ఆమె సంచిలో డబ్బీలు లేవు. జ్వరాల సర్వే కాగితాలు, శానిటైజరు, గుజరాత్ నుంచీ చెన్నై నుంచీ దిగిన వలసోళ్ళ లెక్కలు ఉన్నాయి. ఆమెని ఏమీ అనను. ఉన్నవి రెండు కాళ్ళే కదా.

ట్రూనాట్ మిషన్ సంగతి విన్నావా? అది క్షయని పట్టడానికి వచ్చిన మిషను. 2020 ఏప్రిల్‌లో కరోనా పరీక్షకీ పనికొస్తుందని ఐసీఎంఆర్, అదే దేశపు వైద్య పరిశోధన మండలి, ఒప్పుకుంది. ఇంక చూసుకో, అత్తారింటి చాకిరీలో పడి పుట్టింటి చుట్టాన్ని పలకరించే తీరిక లేని కొత్తకోడలైపోయింది. దేశం మొత్తమ్మీద 2019లో 24 లక్షల క్షయ కేసులు నమోదైతే, 2020లో 18 లక్షలే నమోదయ్యాయి. ఏడాదిలో ఆరు లక్షలమంది దగ్గు మానేశారన్నమాట, రిజిస్టర్లో. లాక్‌డౌన్‌కి క్షయ పురుగు కూడా భయపడిందని ఎవరైనా సభ పెట్టి చెప్పకపోవడం మన అదృష్టం.

మా మావ ముక్కులో మూడుసార్లు పుల్ల పెట్టారు. మూడుసార్లూ నెగెటివే. ఫోన్‌కొచ్చిన ఆ మెసేజ్‌ని పదో తరగతి మార్కుల్లా వీధంతా చూపించాడు. "నెగిటివయితే మరి దగ్గు తగ్గదేటి?" అని అడిగింది అత్త ఒక్కర్తే. ఆ ప్రశ్నకి ఏ సర్వే కాగితంలోనూ గడి లేదు. మందుల షాపు సిరప్పు సీసాలు కిటికీలో వరస కట్టాయి. లుంగీ అంచు నడుం దగ్గర ఒక మెలిక వేసేవాడు, అది రెండయింది, కార్తీకానికి మూడయింది. నేను కూడా చూస్తూ ఊరుకున్నవాణ్ణే. కరోనా కాదుగా అని ధీమా.

సంక్రాంతి ముందు ఎవరో నర్సమ్మ, పేరు కూడా అడగలేదు, "ఎన్నాళ్ళనుంచి?" అంది. మావ వేళ్ళు లెక్కపెట్టి చాలక ఊరుకున్నాడు. కళ్ళె పరీక్షలో క్షయ. ఆరు నెలల మందులు, తిండికని నెలకి ఐదొందలు. ఆ నెలలన్నీ బడి లేక తాత ఒళ్ళోనే పడుకున్న మనవరాలికి ఎక్స్‌రే తీయించాం. ఫిల్ము వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ దగ్గలేదు. గొంతులో గీరినా మింగేశారు. పిల్లకేమీ లేదు.

ఇప్పుడు మావ బాగానే ఉన్నాడు, లుంగీ ఒక మెలికకి వచ్చింది. మొన్న పొద్దుటే వీధి గుమ్మంలో నువ్వు రెండుసార్లు వినిపించావు. అత్త కొంగు సర్దుకోలేదు. గోడకున్న క్యాలెండర్ మీద ఆవేల్టి తేదీ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టింది.

ఇట్లు,
నీ పాత చుట్టం