జెర్సీ కొనేముందు ఒకసారి కొండెక్కండి

ప్రతి సెప్టెంబర్‌లో పాలిటెక్నిక్ యూనివర్సిటీలో చదవడానికి మన పిల్లలు కొత్తగా ఇటలీలోని టూరిన్‌లో దిగుతారు. గది వెతుక్కోవడం, పెర్మెస్సో, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, టెన్షన్ తీరాక వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అన్నా, యువెంటస్ జెర్సీ ఎక్కడ దొరుకుతుంది?" ఎందుకు ఆ టీమే అంటే, "గెలిచే టీమ్ కదన్నా" అంటారు. నాకు పేచీ ఆ కారణంతోనే.

ఈ ఊళ్లో రెండు ఫుట్‌బాల్ క్లబ్బులున్నాయి. యువెంటస్ 1897లో పుట్టింది. 1906లో అందులోంచి కొందరు అలిగి బయటికొచ్చి, ఆల్‌ఫ్రెడ్ డిక్ అనే స్విస్ వ్యాపారితో కలిసి టొరీనో పెట్టుకున్నారు. అంటే ఇది దాయాదుల పోరు. ఒకే ఆఫీసు, ఒకే బార్‌లో కాఫీ, ఒక్కోసారి ఒకే ఇల్లు. కానీ డెర్బీ రోజున, అంటే ఈ రెండు టీములూ తలపడే రోజున, ఎక్కడైనా బావ గానీ వంగతోట దగ్గర కాదు.

2001 అక్టోబర్ డెర్బీ గురించి టొరీనో అభిమానిని కదిపి చూడండి, మీ కాఫీ చల్లారిపోతుంది. సగం ఆటకి యువెంటస్ 3-0. తర్వాత టొరీనో మూడూ తిరిగి కొట్టింది. చివర్లో యువెంటస్‌కి పెనాల్టీ వచ్చింది. అందరూ రిఫరీతో వాదిస్తుంటే టొరీనో ఆటగాడు మాస్పెరో బంతి పెట్టేచోట బూటుతో మెల్లగా గుంట తవ్వాడు. సలాస్ తన్నిన బంతి గోల్ పైనుంచి ఎగిరిపోయింది. ఇది మోసమా? మోసమే. నేను చెప్పినప్పుడల్లా నవ్వుతాను.

యువెంటస్‌ని తీసిపారేయడం లేదు. 1950, 60లలో దక్షిణ ఇటలీ నుంచి వేలమంది ఫియట్ ఫ్యాక్టరీలో పనికి ఇక్కడికి వచ్చారు. "దక్షిణాది వాళ్లకి ఇల్లు అద్దెకివ్వం" అని బోర్డులు పెట్టిన కాలం. 1923 నుంచి ఫియట్ యజమానులు ఆన్యెల్లీల చేతిలో ఉన్న యువెంటస్‌నే వాళ్లలో చాలామంది తమ టీమ్ అనుకున్నారు. నేనూ వలస వచ్చినవాణ్ణే కదా అని మొదటి రెండేళ్లు నలుపు తెలుపు చారలే వేసుకు తిరిగాను.

తర్వాత ఒక మే 4న, పక్కింటి పెద్దాయన వెంట సుపెర్గా కొండెక్కాను. 1949లో అదే రోజు లిస్బన్ నుంచి తిరిగొస్తున్న టొరీనో విమానం, దట్టమైన మబ్బులో ఆ కొండమీది చర్చి వెనక గోడని ఢీకొంది. 31 మంది పోయారు, అందులో 18 మంది ఆటగాళ్లు. వరసగా ఐదో టైటిల్ చేతికందే దూరంలో ఉన్న టీమ్ అది. మిగిలిన నాలుగు మ్యాచ్‌లూ కుర్రాళ్ల టీమ్ ఆడింది. ఎదుటి క్లబ్బులూ తమ కుర్రాళ్లనే దింపాయి. ఇప్పటికీ ఏటా ఆ రోజు టొరీనో కెప్టెన్ అక్కడ నిలబడి పేర్లన్నీ చదువుతాడు. పెద్దాయన పెదవులు కెప్టెన్‌కంటే ముందే కదులుతున్నాయి.

టొరీనో చివరిసారి లీగ్ గెలిచింది 1976లో. 2015లో డెర్బీ గెలిస్తే, అది ఇరవయ్యేళ్లలో మొదటిది. అయినా ఆ క్లబ్బుని వదలనివాళ్లని చూశాకే అభిమానం అంటే ఏమిటో నాకు కాస్త తెలిసింది. నా జెర్సీ ముదురు ఎరుపుకి మారింది.

ఒక్కటి మాత్రం రెండు వైపులవాళ్లలోనూ నేను సహించలేను. కొందరు యువెంటస్ అభిమానులు సుపెర్గా మృతుల్ని వెక్కిరిస్తూ పాడతారు. కొందరు టొరీనో అభిమానులు 1985లో బ్రసెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో యువెంటస్ మ్యాచ్ చూడ్డానికొచ్చి తొక్కిసలాటలో పోయిన 39 మందిని ఎగతాళి చేస్తారు. హీరోల అభిమానులుగా ఫోన్లలో మనం కొట్టుకునే తీరు చూస్తే, ఈ జబ్బు మనకి కొత్తేమీ కాదు. మన పిల్లలు పాట నేర్చుకునేముందు దాని అర్థం కనుక్కోవాలి.

వచ్చే మే 4న మన సంఘం తరఫున సుపెర్గా వెళ్దాం. పులిహోర నేను తెస్తాను. యువెంటస్ తమ్ముళ్లూ రావచ్చు, జెర్సీ మీద ఒక జాకెట్ వేసుకుంటే చాలు.